వాయిదా వేసేది పనిని కాదు, ఆ పని తెచ్చే భయాన్ని

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్‌లో ఉన్నాను. మొదటి నుంచీ క్లాసులో టాపర్‌ని. ప్రాజెక్ట్ రిపోర్ట్ రాయాలని రోజూ ఫైలు తెరుస్తాను, కాసేపటికే మూసేస్తాను. ఫ్రెండ్స్ రిపోర్టులు మాత్రం కూర్చుని దిద్దిపెడుతున్నాను. నాది బద్ధకమేనా? రేపు ఉద్యోగంలో ఎలా నెగ్గుకొస్తాను?

జవాబు: బద్ధకమైతే ఫ్రెండ్స్ రిపోర్టులు కూడా ముట్టుకునేవాడివి కాదు. ఒక్క నీ రిపోర్ట్ దగ్గరే చెయ్యి ఆగిపోతోందంటే, అక్కడ నిన్ను ఏదో గుచ్చుతోందని అర్థం.

ఫైలు తెరవగానే టెన్షన్ మొదలవుతుంది, మూసేయగానే ప్రాణం కాస్త కుదుటపడుతుంది, ఆ ఊరటకే మనసు అలవాటు పడి మర్నాడు ఇంకా త్వరగా మూయిస్తుంది. వాయిదా వెయ్యడం అంటే ముఖ్యంగా చేదు భావాల నుంచి అప్పటికప్పుడు తప్పించుకోవడమేనని ఫుషియా సిరోయిస్, తిమోతీ పిచిల్ అనే మనస్తత్వ పరిశోధకులు 2013లో వివరించారు. అందుకే కొత్త టైంటేబుల్ వేసుకో అని నేను చెప్పను, ఆ చేదు ఏమిటో తెలియకుండా ఎన్ని టైంటేబుళ్లు వేసినా లాభం లేదు.

అది అందరికీ ఒకేలా ఉండదు. ఇంకెవరో ఎంచిపెట్టిన సబ్జెక్ట్ మీద కోపం కావచ్చు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోయినా అడగడానికి సిగ్గు కావచ్చు, ఇది పూర్తయితే ఉద్యోగాల వేటలో పడాలి కదా అన్న బెంగ కూడా కావచ్చు. నీ విషయంలో నాకు అనుమానం ఆ ‘టాపర్’ అన్న మాట మీదే. నెలల తరబడి శ్రద్ధగా రాసి, చివరికి అది మామూలుగా ఉందని తేలితే? అదే చివరి రాత్రి హడావిడిగా రాసేస్తే మార్కులు తగ్గినా ‘టైం చాల్లేదు’ అనుకోవచ్చు, తెలివి మీద మచ్చ పడదు. ఇలా తన దారికి తానే అడ్డు పెట్టుకుని పరువు కాపాడుకునే పద్ధతిని బెర్గ్లాస్, జోన్స్ అనే మనస్తత్వవేత్తలు 1978లోనే ప్రయోగాలు చేసి చూపించారు. ఇది నీ ఒక్కడి జబ్బేం కాదు, మంచి మార్కుల పిల్లల్లో నేను తరచూ చూసేదే.

ముందు నిన్ను నువ్వు తిట్టుకోవడం ఆపు. పరీక్షకు చదవడం వాయిదా వేసిన విషయంలో తమను తాము క్షమించుకున్న విద్యార్థులు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారని 2010లో వచ్చిన ఓ అధ్యయనం చెబుతోంది. తిట్టుకున్న కొద్దీ ఆ ఫైలు చూస్తేనే ఇంకా భయం వేస్తుంది, అంతే.

ఇవాళ ఫైలు తెరిచినప్పుడు మూయాలనిపించిన క్షణాన, నీకేం భయంగా ఉందో అదే పేజీలో ఒక్క వాక్యం రాయి, తర్వాత తీసేయొచ్చు. ఆ వెంటనే ప్రాజెక్ట్‌లో నువ్వు చేసిన పని ఏమిటో ఫ్రెండ్‌కి చెప్పినట్టు రాసుకుంటూ పో, భాష ఎలా ఉన్నా పర్లేదు. ఓ రెండు పేజీలు కాగానే, బాగుచేయకుండా, మీ గైడ్‌కి పంపు. కష్టమైన భాగం ఇదే, నాకు తెలుసు. కానీ సగం ఉడికిన పనిని ఒకరికి చూపించగలగడం ఉద్యోగంలో నీకు రోజూ కావాల్సిన విద్య, అది ఇక్కడే నేర్చుకోవచ్చు.

ఒకవేళ ఈ రిపోర్టే కాదు, నిద్ర, తిండి, ఇష్టమైన పనులు కూడా దెబ్బతింటున్నాయంటే, లేదా చిన్నప్పటి నుంచీ ఏ పని మీదా ధ్యాస నిలవదంటే ఆలస్యం చేయకుండా సైకాలజిస్టును కలువు. అప్పుడు నా సలహాలు మాత్రమే సరిపోవు.