ప్రోటీన్‌తో టీఎన్‌ఎఫ్ పెరుగుతోందా? ముందు ఎండోటాక్సిన్ చూడండి

ఈ.కోలై బ్యాక్టీరియాలో తీసిన ప్రోటీన్‌ను మాక్రోఫేజ్‌ల (రోగనిరోధక కణాల) మీద వేస్తే టీఎన్‌ఎఫ్ (వాపును పెంచే సంకేత ప్రోటీన్) పెరిగిందని, టీఏకే-242తో తగ్గిందని, ఇది సెప్సిస్‌కి కొత్త టార్గెట్టేనా అని హైదరాబాద్ నుంచి అడిగారు కదా. ఆ ప్రోటీన్‌లో మిగిలిపోయిన ఎండోటాక్సినే (బ్యాక్టీరియా పై పొరలోని విషపదార్థం) మాక్రోఫేజ్‌లను రెచ్చగొడుతూ ఉండొచ్చు. టీఎల్‌ఆర్4 అనే గ్రాహకాన్ని అడ్డుకునే టీఏకే-242 వేస్తే టీఎన్‌ఎఫ్ తగ్గిందన్నది రుజువు కాదు. ఎండోటాక్సిన్ కూడా టీఎల్‌ఆర్4 ద్వారానే పనిచేస్తుంది. సెప్సిస్‌కి (ఇన్ఫెక్షన్‌కు శరీరం అతిగా స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితి) కొత్త టార్గెట్ దొరికిందని గైడ్‌కి అప్పుడే చెప్పకండి!

చాలామంది పొరబడేది ఆటోక్లేవ్ దగ్గర. 121 డిగ్రీలకు బ్యాక్టీరియా చస్తుంది, ఎండోటాక్సిన్ పోదు. గాజు సామానుకు 250 డిగ్రీల పొడి వేడి, కనీసం 30 నిమిషాలు కావాలి.

1. ప్రోటీన్‌ను మరిగించి వేయండి. మరిగితే ప్రోటీన్ పాడవుతుంది, ఎండోటాక్సిన్ తట్టుకుంటుంది. టీఎన్‌ఎఫ్ తగ్గకపోతే అనుమానం ఎండోటాక్సిన్ మీదే.
2. ఎండోటాక్సిన్‌ను పట్టి ఆపే పాలిమిక్సిన్ బి కలిపి చూడండి. పక్కనే ఎల్‌పీఎస్ (అంటే ఎండోటాక్సినే) కంట్రోల్ తప్పనిసరి.
3. ఎండోటాక్సిన్ ఎంతుందో కొలిచే ఎల్‌ఏఎల్ టెస్ట్ చేయించండి. హైదరాబాద్‌లోనే ఉన్నారుగా, జీనోమ్ వ్యాలీ టీకా కంపెనీల్లో తెలిసినవాళ్లుంటే అడగండి. వాళ్లకిది రోజువారీ పని.
4. ఎక్కువ వస్తే ట్రైటాన్ ఎక్స్-114 అనే డిటర్జెంట్‌తో శుద్ధి చేసి, మళ్లీ కొలవండి.