కాటా పక్కన పెట్టి టేపు తియ్యి

చి. కిరణ్‌కు,

మామయ్య ఆశీస్సులు. మీ అమ్మ నీ రిపోర్టులు నాకు ఫోన్‌లో పంపింది. కింద ‘భయపడాల్సిందేమీ లేదని నువ్వే వాడికి చెప్పు అన్నయ్యా’ అని రాసింది. భయపెట్టే ఉద్దేశం నాకూ లేదు గానీ, ఏమీ లేదని మాత్రం చెప్పలేను.

ముప్పై నాలుగేళ్లకి రక్తంలో తిరిగే కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 260, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34, మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 5.9, బీపీ 138/88, స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్. దేనికది విడిగా చూస్తే ‘ఏదో బోర్డర్‌లో ఉందిలే’ అనిపిస్తుంది. నువ్వూ అదే అన్నావట. ఇరవై తొమ్మిదేళ్లు ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణి, ఈ ఐదూ ఒకే మనిషి కాగితం మీద కనబడితే నాకు ఐదు సమస్యల్లా కనిపించవు. ఒకటే కథ, పొట్టలో మొదలై రక్తనాళాల వెంట ఒళ్లంతా తిరుగుతుంది.

ల్యాబ్‌లో మేం చూసేది నీకు చెప్తాను. రక్తం తీశాక ట్యూబుని కాసేపు గడ్డకట్టనిచ్చి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. గడ్డ అడుక్కి పోయి, పైన సీరం అనే ద్రవం నిలుస్తుంది. మామూలుగా అది లేత పసుపు రంగులో, వెనక పెట్టిన కాగితం మీద అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉంటుంది. కొందరిది మసకగా వస్తుంది. ట్రైగ్లిజరైడ్లు మరీ పెరిగిపోయినవాళ్లదైతే పాలలా తెల్లగా ఉంటుంది. అలాంటి ట్యూబుని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే తెల్లారేసరికి పైన మీగడ కట్టడం కూడా చూశాను. ఆ రక్తమే ఆ మనిషి గుండెలోంచీ మెదడులోంచీ రోజంతా తిరుగుతోంది మరి. నీది అంతదూరం పోలేదు. 260కి సీరం ఇంకా దాదాపు తేటగానే కనబడుతుంది. దీంతో వచ్చిన చిక్కే అది, కంటికి ఆనేసరికి చాలా జరిగిపోయి ఉంటుంది.

రోజూ అలాంటి ట్యూబులు చేత్తో పట్టుకున్న నేను, నా ట్యూబు ఎప్పుడు చూసుకున్నానో తెలుసా? యాభై ఒకటో ఏట. అదీ మూడో అంతస్తు మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోయి, ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయ్యాక. అప్పటికి నా బరువు 74 కిలోలే. కాళ్లూ చేతులూ సన్నం, పొట్ట ఒక్కటే ముందుకొచ్చి ఉండేది. దాన్ని వయసు ఖాతాలో రాసేశాను. స్టెంట్ పడింది. ఆ పొట్టే అసలు సంగతని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదనను. చదువుకున్నాను, తెలుసు. నాకు వర్తిస్తుందని అనుకోలేదు, అంతే.

కాబట్టి కాటా సంగతి తర్వాత చూద్దాం, ముందు టేపు తియ్యి. నడుం అంటే ప్యాంటు నిలిచే చోటు కాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యన, చర్మం మీద టేపు ఆనించి, ఊపిరి మామూలుగా వదిలాక చూడు. ఆ కొలత నీ ఎత్తులో సగం దాటకూడదు. నీ ఎత్తు 170 సెంటీమీటర్లు కదా, 85 లోపుండాలి. మీ అమ్మ కొలిస్తే 101 వచ్చిందట.

ఆ పదహారు సెంటీమీటర్లు ఏం చేస్తాయో చెప్తా విను. తొడల మీదా పిరుదుల మీదా చర్మం కింద పట్టే కొవ్వు చాలావరకు గోడౌన్‌లో పడేసిన సరుకు లాంటిది. పేగుల చుట్టూ పట్టేది అలా ఊరుకోదు. ఎప్పుడూ ఫ్యాటీ యాసిడ్లనీ, వాపు పుట్టించే పదార్థాలనీ వదులుతూనే ఉంటుంది. పేగుల దగ్గరి రక్తం పోర్టల్ సిర గుండా నేరుగా లివర్‌కే పోతుంది కాబట్టి ఆ సరుకంతా ముందు దాని నెత్తినే పడుతుంది. లివర్ కొంత తనలో దాచుకుంటుంది, నీ స్కానింగ్‌లో కనబడింది అదే. మిగిలింది ట్రైగ్లిజరైడ్లుగా కట్టి రక్తంలోకి తోస్తుంది. హెచ్‌డీఎల్ తగ్గుతుంది, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవై చిక్కబడతాయి. ఇన్సులిన్ మాట లివరూ కండరాలూ సరిగ్గా వినవు. చక్కెర మెల్లగా పైకి పాకుతుంది. నీ ఐదు నంబర్లలో నాలుగు వచ్చేశాయి చూడు.

ఐదోది బీపీ. దాని కోసం రక్తనాళం లోపలికి వెళ్లాలి. నాళం లోపలి గోడకి ఒకే ఒక్క కణం మందంలో ఒక పొర ఉంటుంది. ఇన్నాళ్లూ దాన్ని పైపుకి లోపల వేసిన పెయింటు లాంటిదనుకునేవాళ్లం. నిజానికి అది పనిచేసే అవయవం. నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారు చేసి, చుట్టూ ఉన్న కండరాన్ని సడలిస్తుంది, నాళం విప్పారుతుంది. ఇది కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ ఇచ్చారు. ఛాతీనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే మాత్ర పనిచేసేదీ ఈ వాయువుతోనే. నా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్ట్రిప్ ఉంటుంది, నువ్వు చూసే ఉంటావు. సరదా ఏమిటంటే, అలాంటి మాత్రల్లో వాడే నైట్రోగ్లిసరిన్‌తోనే డైనమైట్ చేసి సంపాదించి, ఆ బహుమతి పెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కే చివరి రోజుల్లో డాక్టర్లు గుండెకి అదే మందు రాశారు.

పొట్ట కొవ్వు నుంచి వచ్చే వాపు పదార్థాలూ, ఎక్కువైన చక్కెరా, పొగా, ఇవన్నీ ఆ పొర నోరు నొక్కేస్తాయి. నాళం విప్పారాల్సినప్పుడు విప్పారదు, బిగుసుకుని ఉంటుంది. అదలా ఉండగా కిడ్నీలు ఉప్పుని పట్టి ఉంచడం మొదలుపెడతాయి. బీపీ పెరగక ఏం చేస్తుంది? పెరిగిన ఒత్తిడికి పొర ఇంకా దెబ్బతింటుంది. దెబ్బతిన్న చోట ఎల్‌డీఎల్ గోడలోకి దూరుతుంది, దాన్ని మింగడానికి తెల్లకణాలు వస్తాయి, మింగి మింగి అక్కడే కొవ్వు సంచుల్లా మిగిలిపోతాయి. పూడిక అలా మొదలవుతుంది. ముసలితనంలో వచ్చేదనుకోకు. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలని కోసి చూసిన డాక్టర్లు 1953లో రాశారు: సగటు వయసు 22, నూటికి 77 మంది గుండె రక్తనాళాల్లో ఎంతో కొంత జబ్బు గుర్తులు.

నాళం సగం సన్నబడితే రక్తం సగం వస్తుందనుకుంటాం. లెక్క అంత దయగా ఉండదు. ఒత్తిడి మారకుండా గొట్టం వ్యాసం సగమైతే ప్రవాహం పదహారో వంతుకి పడిపోతుంది. ఇంకో సంగతి, హార్ట్ ఎటాక్ తరచుగా పెద్ద పూడిక దగ్గర రాదు. ఓ మోస్తరు పూడిక మీది పలుచని పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి నిమిషాల్లో దారి మూసేస్తుంది. ఈసీజీ బాగుందనే ధీమాతో తిరిగినవాళ్లు పడిపోయేది ఇలాగే.

ఇక కిడ్నీల గురించి. చాలామంది వాటిని లెక్కలోకే తీసుకోరు కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల సన్నని జల్లెడలుంటాయి, ప్రతిదీ వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాల ఉండ. రెండూ కలిసి రోజుకి దాదాపు 180 లీటర్లు వడపోసి, లీటరున్నరో రెండో బయటికి పంపి మిగతాదంతా వెనక్కి తీసుకుంటాయి. ఒళ్లు పెరిగితే జల్లెడల సంఖ్య పెరగదు. ఉన్నవే ఎక్కువ పని చేస్తాయి. మొదట్లో రిపోర్టు బాగానే, ఒక్కోసారి మరీ బాగానే కనబడుతుంది. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగేసరికి సగం పని ఎప్పుడో పోయి ఉంటుంది. దానికన్నా చాలా ముందే మూత్రంలోకి అల్బుమిన్ అనే ప్రొటీన్ జారడం మొదలవుతుంది. నీ కాగితాల్లో ఆ పరీక్ష లేదు. ఈసారి డాక్టర్ని కలిసినప్పుడు మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూడమని అడుగు. అది గ్రాముకి 30 మిల్లీగ్రాములు దాటితే ఊరుకోకూడదు.

కళ్ల డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్లు. కోయకుండా రక్తనాళాలని నేరుగా చూడగలిగేది కంటి వెనక పొరలోనే. మెదడు బరువు ఒంట్లో నూటికి రెండు పాళ్లే అయినా ఐదో వంతు ఆక్సిజన్ వాడుకుంటుంది, దాని సన్న నాళాలు మూసుకుపోతుంటే మతిమరుపుగానూ చిరాకుగానూ బయటపడుతుంది.

ఇంకోటి, మీ అమ్మకి చూపించొద్దు ఈ పేరా. పడకగదిలో ఇబ్బంది మొదలైతే టెన్షన్ వల్లేనని సర్దుకోకు. అక్కడి నాళాలు గుండె నాళాలకన్నా సన్నం, అందుకే చాలామందిలో ముందు అక్కడే తెలుస్తుంది, గుండెకి రెండు మూడేళ్ల ముందు కూడా. నాకు తెలిసింది, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ మెట్ల మీద ఆగేవాణ్ణి కాదేమో.

సరే, ఏం చెయ్యాలి? అన్నీ ఒకేసారి మొదలుపెట్టకు, పది రోజుల్లో అన్నీ వదిలేస్తావు.

మొదట తాగే తీపి మానెయ్. కూల్ డ్రింకులూ, డబ్బా జ్యూసులూ, ఇంట్లో పిండిన జ్యూసు కూడా. పంచదారలో సగం ఫ్రక్టోజ్. దాన్ని ఎక్కువగా సంభాళించేది లివరే, మిగిలిపోతే కొవ్వుగా మారుస్తుంది. గ్లాసులో తాగింది కడుపు నింపదు కాబట్టి తిండి ఎలాగూ మామూలుగానే తింటావు. నీ ట్రైగ్లిజరైడ్లు అన్నిటికన్నా వేగంగా వినేది ఈ ఒక్క మాటే. మద్యం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది, నువ్వు శనివారాలే అంటావు, శనివారం లివర్‌కి సెలవు కాదు.

రెండోది ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపే అంటుంది, ఒక టీస్పూను కూడా నిండదు. వంటలో తగ్గిస్తే చాలదు, ప్యాకెట్లో వచ్చే కరకరలాడే వాటిలో నోటికి తెలియని ఉప్పుంటుంది. వెనకాల సోడియం ఎంతో చదువు. రెండు మూడు వారాలు చప్పగా అనిపిస్తుంది, తర్వాత నాలుకే అలవాటు పడుతుంది.

మూడోది కంచం. సగం కూరగాయలూ ఆకుకూరలూ ఉండాలి. మిగతా సగంలో పప్పుజాతివీ పొట్టు తియ్యని ధాన్యమూ. పీచులో కరిగే రకం పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. లివర్ కొత్త పైత్యరసం చేసుకోడానికి రక్తంలోంచి కొలెస్ట్రాల్ లాక్కోవాల్సి వస్తుంది. అలా పూటపూటకీ నీకు తెలియకుండానే కొంత ఖర్చవుతుంది. నూనె అంటే వణికిపోవద్దు, గింజల్లో చేపల్లో ఉండే కొవ్వు మంచిదే. మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించి వేయించినవీ, హైడ్రోజనేట్ చేసిన కొవ్వుతో చేసిన బేకరీ సరుకూ మాత్రం ముట్టుకోకు.

బరువు తగ్గట్లేదని మధ్యలో నీరసపడతావు, నాకు తెలుసు. అప్పుడు దీన్ని గుర్తు చేసుకో. 1997లో అమెరికాలో డాష్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. అందులో బరువు మారకుండా, ఉప్పు కూడా తగ్గించకుండా, పండ్లూ కూరగాయలూ వెన్న తక్కువున్న పాల పదార్థాలూ పెంచి, కొవ్వు తగ్గించి పెట్టారు. రెండు వారాలకే బీపీ దిగింది. బీపీ జబ్బు ఉన్నవాళ్లలో పై అంకె సగటున 11 దాకా తగ్గింది. కాటా ముల్లు కదలకముందే నాళాలు సంతోషిస్తాయన్నమాట.

ఆ ముల్లు కదిలితే మరీ మంచిది. నీ 86 కిలోల్లో 5 శాతం, అంటే నాలుగు కిలోల పైచిలుకు తగ్గితే లివర్‌లో కొవ్వు కరుగుతుంది. ఎనిమిదిన్నర తగ్గితే లివర్ మీద ఏర్పడే మచ్చలు కూడా చాలామందిలో వెనక్కి మళ్లుతాయి. నెలకి రెండు కిలోలు చాలు. నెలకి పది తగ్గించే పథకాల జోలికి పోకు, కొవ్వుతో పాటు కండా కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్లు పడే ప్రమాదమూ ఉంది.

తిన్న వెంటనే కుర్చీలో కూలబడకుండా పది పదిహేను నిమిషాలు నడువు. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే చక్కెర లాక్కుంటుంది. వారానికి అన్నీ కలిపి 150 నిమిషాలు, మాట్లాడగలిగీ పాడలేనంత వేగం. సిగరెట్ గురించి మనం ఇదివరకే మాట్లాడుకున్నాం. గురక ఎక్కువగా ఉండి నిద్రలో ఊపిరి ఆగుతోందని మీ ఆవిడ చెబితే దాన్ని నవ్వి వదిలెయ్యకు, బీపీ ఆ రాత్రుల్లోనే పెరుగుతుంది.

బీపీ ఇంట్లో చూసుకోవడం నేర్చుకో. చూసే ముందు అరగంట కాఫీ, సిగరెట్ వద్దు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చో. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, మాట్లాడకుండా. రెండుసార్లు చూసి రాసుకో. డాక్టరు మాత్ర రాస్తే వేసుకో. నంబరు బాగైందని నీ అంతట నువ్వు ఆపెయ్యకు. నేను ఆపాను. అది బాగున్నది మాత్ర వల్లేనన్న ఇంగితం ల్యాబ్‌లో పనిచేసే నాకే లేకపోయింది.

మూడు నెలలకి మళ్లీ లిపిడ్ పరీక్ష, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించు. ముందు రాత్రి మామూలుగానే తిని, పన్నెండు గంటలు నీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా వెళ్లు. పరీక్ష కోసం మూడు రోజులు ఉపవాసముండి మంచి నంబర్లు తెచ్చుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

ప్రతి ఆదివారం పొద్దున్నే నడుం కొలత నాకు పంపు. సెంటీమీటర్లలోనే పంపు. పొట్ట లోపలికి పీల్చి కొలిస్తే మాత్రం మీ అమ్మ నాకు చెప్పేస్తుంది.

ఇట్లు,
మామయ్య