పాపం గురించి రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. పాపం ఎలా వచ్చింది, దాని ఫలితమేమిటి అని నువ్వు రాసి పంపిన వ్యాసం నిదానంగా చదివాను. భాష బాగుంది, వాక్యం మీద పట్టుంది. కానీ అందులో పాపం చేసేవాళ్లంతా వేరేవాళ్లే. సినిమాలకెళ్లే కుర్రాళ్లు, సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర చేరేవాళ్లు, ఆదివారం గుడికి రానివాళ్లు. రాసే నువ్వు ఎక్కడా కనబడలేదు. చదివే విశ్వాసులూ కనబడలేదు.

ఆదికాండము మూడో అధ్యాయం మళ్లీ తెరువు. చెట్ల మధ్య దాక్కున్న ఆదామును దేవుడు "నీవు ఎక్కడ ఉన్నావు?" అని పిలిచాడు. తినొద్దన్న చెట్టు పండు తిన్నావా అని అడిగేసరికి ఆదాము "నాతో నుండుటకు నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే" అన్నాడు. తప్పు భార్య మీదికి తోశాడు, ఆమెనిచ్చిన దేవుడి మీదికీ తోశాడు. హవ్వ సర్పం మీదికి తోసింది. మన ఇళ్లల్లో రోజూ జరిగేది ఇదే కదా! నీ వ్యాసంలో ఈ ఘట్టం ఒక్క ముక్కలో అయిపోయింది. పండు గురించి మాత్రం పెద్ద పేరా రాశావు, అది ఆపిల్ అన్నావు. ఏ పండో బైబిల్లో లేదు. ఆ పేరా తీసేయి. దాని బదులు సర్పం మాట ఎలా మొదలుపెట్టిందో రాయి. ముందు దేవుడి మాట మీద అనుమానం పుట్టించింది, తర్వాత దేవతల్లా అవుతారని ఆశ పెట్టింది. చెయ్యి చెట్టు మీదికి పోకముందే నమ్మకం పోయింది. పాపానికి మొదలు అక్కడుంది.

ఫలితాల దగ్గరికి వచ్చేసరికి నేరుగా నరకానికి వెళ్లిపోయావు. మధ్యలో ఎంత ఉందో చూడు. కళ్లు తెరుచుకోగానే సిగ్గు వచ్చింది, అంజూరపు ఆకులు కుట్టుకున్నారు. దేవుడి అడుగుల చప్పుడు వింటే భయం వేసింది. ఆలుమగల మధ్య నింద వచ్చింది. నేల ముళ్లు మొలిపించింది. తర్వాతి అధ్యాయంలోనే అన్న తమ్ముణ్ణి పొలంలో చంపాడు. మరణం అంటే ఊపిరి ఆగిపోయే రోజు ఒక్కటే కాదని పాఠకుడికి ఇక్కడ తెలియాలి.

ఇక అసలు కష్టమైన ప్రశ్న. ఆదాము తింటే నాకెందుకు? యూత్ మీటింగుల్లో పిల్లలు ఇదే అడుగుతారు. నువ్వు 'అది దేవుని మర్మం' అని దాటేశావు. దాటేయకు. "పాపము చేయువాడే మరణము నొందును" అని యెహెజ్కేలు 18లో ఉంది. ఒక మనుష్యుని ద్వారా పాపం లోకంలోకి వచ్చిందని, అందరూ పాపం చేశారని రోమా 5:12లో ఉంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి రాయి, దాచకు.

మనవైపు మాటే చెప్తాను. ఒకాయన వరిచేనులో రొయ్యల చెరువు తవ్వుతాడు. ఉప్పునీరు నేలలో ఇంకి పక్క చేలోకి దిగుతుంది. ఎండాకాలం వచ్చేసరికి ఆ గట్టు మీద తెల్లగా పొర తేలుతుంది, వేలితో గీకితే పొడిగా రాలుతుంది. పక్క రైతు నాటిన నారు మొదళ్లలోనే ఎర్రబడిపోతుంది. ఇక వరి లాభం లేదని ఆయనా చెరువే తవ్వుతాడు. అలా ఊరంతా అవుతుంది. ఆ తర్వాత పుట్టిన పిల్ల ఏ చెరువూ తవ్వలేదు, అయినా ఇంట్లో బోరు నీళ్లు నోట పెట్టలేక టిన్ను నీళ్లు తాగుతూ పెరుగుతుంది. పెద్దయ్యాక తనూ ఒక చెరువు లీజుకి తీసుకుంటుంది. మనకు సంక్రమించినది, మనం సొంతంగా చేసేది ఎలా కలిసిపోతాయో దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది. పూర్తిగా కాదు. చెరువు తవ్వినవాళ్లే పాపులని చదివేవాళ్లు అనుకోకుండా రాయి. వాళ్లలో అప్పు తీర్చడానికి తవ్వినవాళ్లే ఎక్కువ మంది ఉన్నారు మా చుట్టూ.

సంఘాలన్నీ దీన్ని ఒకేలా చెప్పవన్నది కూడా నీకు తెలిసుండాలి. మనిషి తన బలంతోనే పాపం లేకుండా బతకగలడని తొలి శతాబ్దాల బోధకుడు పెలాగియస్ అంటే, దేవుడి కృప లేకుండా కుదరదని అదే కాలపు బిషప్పు అగస్టీన్ వాదించాడు. 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో కూడిన బిషప్పుల సభ అగస్టీన్ పక్షాన నిలిచింది. తూర్పు ఆర్థడాక్సు సంఘాలు ఆదాము నుంచి మనకు వచ్చింది మరణం, చెడిపోయిన స్వభావం అంటాయి, అతని అపరాధం మన లెక్కలో వేయవు. కతోలికులు జన్మపాపాన్ని మనం చేసిన తప్పు అనరు, మనం పుట్టిన స్థితి అంటారు, అందుకే పసిబిడ్డకు జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, ఇస్తారు. లూథరన్లూ పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు. 1836లో ఇంగ్లాండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాల సేవతో నరసాపురం, పాలకొల్లు వైపు మొదలైన బ్రదరన్ సంఘాల్లో మాత్రం నమ్మి ఒప్పుకున్నాకే బాప్తిస్మం. నీ పాఠకుల్లో అందరూ ఉంటారు. ఎవరి బోధ చెప్తున్నావో వాళ్ల పేరు పెట్టి రాయి, క్రైస్తవులంతా ఇలాగే నమ్ముతారని రాయకు.

ఒక్క విషయంలో గట్టిగా చెప్తున్నాను. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమను ముంచిన తుఫాను ఆ జనం పాపాలకు తీర్పు అని రాశావు. ఆ వాక్యం కొట్టేయి. ఆ రాత్రి పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు ఇప్పటికీ మన గుళ్లల్లో ముందు వరసలో కూర్చుంటున్నారు. సిలోయము గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది మిగతావాళ్ల కంటే పాపులా అని ప్రభువే అడిగి, కాదని తనే చెప్పాడు. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే ఇద్దరూ కాదన్నాడు. ఆయన వేయని నింద మనం వేయడానికి ఎవరం తమ్ముడూ?

నువ్వు రోమా 6:23లో "పాపమువలన వచ్చు జీతము మరణము" వరకే రాసి ఆపావు. వచనం అక్కడ ఆగలేదు. దేవుని కృపావరము క్రీస్తుయేసునందు నిత్యజీవము అని ఉంది, మొత్తం రాయి. ఆదికాండములో కూడా తోటలోంచి పంపేయకముందే దేవుడు ఆ ఇద్దరికీ చర్మపు చొక్కాయిలు చేయించి తొడిగించాడు. దీని మీద నీ వ్యాసంలో ఒక్క మాటా లేదు. కనీసం ఒక పేజీ రాయి. అది రాశాక మొత్తం మళ్లీ నాకు పంపు.

నీ అన్నయ్య,
పాలకొల్లు