చదివిందంతా పరీక్ష హాల్లో మర్చిపోతున్నా.. జ్ఞాపకశక్తి తగ్గినట్టేనా?

ప్రశ్న: నా వయసు 23. ఇంట్లో గడగడా చెప్పే జవాబులు పరీక్ష హాల్లో ఎంత ఆలోచించినా రావు. బయటికి రాగానే అన్నీ గుర్తొస్తాయి. నెల రోజులుగా నిద్ర కూడా సరిగా పట్టడం లేదు. జ్ఞాపకశక్తికి మందులు వాడాలా?

జవాబు: మందులు అవసరం లేదు. బయటికి వచ్చాక గుర్తొస్తున్నాయంటే చదివింది ఎక్కడికీ పోలేదు. అవసరమైన సమయానికి దాన్ని బయటికి తీయడమే కష్టమవుతోంది.

టెన్షన్ మొదలవగానే మెదడులో నార్‌అడ్రినలిన్ అనే రసాయనం పెరుగుతుంది. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కాస్త ఆలస్యంగా, సుమారు 20-30 నిమిషాలకు గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఈ రెండూ కలిసి భయపెట్టిన సంఘటనను మాత్రం బలంగా గుర్తుండేలా చేస్తాయి. పాత విషయాలను గుర్తుచేసే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం పనిని మందగింపజేస్తాయి. అందుకే హాల్లో పడిన కంగారు ఎన్నాళ్లైనా గుర్తుంటుంది, జవాబు మాత్రం తట్టదు. 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులకు ముందురోజు కొన్ని పదాలు నేర్పి, మర్నాడు అడగడానికి గంట ముందు, శరీరంలో కార్టిసాల్‌గా మారే కార్టిసోన్ మాత్ర ఇచ్చారు. వాళ్లు తక్కువ పదాలే చెప్పగలిగారు. అదే మాత్ర నేర్చుకోవడానికి ముందు ఇస్తే ఆ ఇబ్బంది కనిపించలేదు. అంటే మీ సమస్య తెలివికి సంబంధించింది కానే కాదు.

కొద్దిపాటి టెన్షన్ ఏకాగ్రతకు మంచిదే. నెలల తరబడి సాగితే మాత్రం మెదడుకే ఇబ్బంది. దీర్ఘకాలం ఒత్తిడికి గురైన జంతువుల్లో హిప్పోక్యాంపస్ కణాల కొమ్మలు కుంచించుకుపోయాయి, ఒత్తిడి తొలగాక చాలావరకు తిరిగి పెరిగాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది మీ నిద్ర. పగలు చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. దయచేసి రాత్రంతా మేలుకుని చదవకండి, సాయంత్రం తర్వాత కాఫీ, టీ మానేయండి. చదివే పద్ధతీ మార్చండి. పదేపదే చదవడం కన్నా పుస్తకం మూసి, గుర్తున్నంత కాగితంపై రాయండి. ఇలా సాధన చేసిన జ్ఞాపకాలు ఒత్తిడిని బాగా తట్టుకుంటాయి. గడియారం పెట్టుకుని నమూనా పరీక్షలు రాస్తే హాలు వాతావరణమూ అలవాటవుతుంది. అక్కడ కంగారు మొదలైతే కొన్నిసార్లు నెమ్మదిగా ఊపిరి వదిలి, తెలిసిన ప్రశ్నతో మొదలుపెట్టండి.

గుండెదడ తగ్గడానికి ఎవరో చెప్పిన మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. ఆస్తమా ఉన్నవారికి వాటిలో కొన్ని ప్రమాదకరం. నిద్రలేమి ఇలాగే కొనసాగినా, రెండు వారాలకు పైగా దిగులుగా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉన్నా సైకియాట్రిస్ట్‌ను కలవండి. థైరాయిడ్, బి12 పరీక్షలూ ఒకసారి చేయించుకోండి.