నదికి నీ మాటలు పెట్టు: ఓ యువ రచయిత్రికి లేఖ

విజయవాడ

అమ్మాయ్,

నీ వ్యాసం చేరింది. మూడుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఫ్రాన్సులో తూర్ నగరంలో చదువుకుంటూ సెలవులు దొరకగానే సైకిలేసుకుని లువార్ నది వెంట బ్ల్వా నుంచి సోమ్యూర్ దాకా ఒక్కదానివే పోయొచ్చావంటే, గుంటూరులో మీ అమ్మగారు ఎంత టెన్షన్ పడ్డారోగానీ, నాకు మాత్రం చెప్పలేనంత సంతోషమేసింది. సైకిల్ మీద తిరిగి తెలుగులో రాసే ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారు చెప్పు. అందుకే ఇది బాగా రావాలని నాకు పట్టుదలగా ఉంది, మొహమాటం పక్కనపెట్టి రాస్తున్నాను, నొచ్చుకోకు.

ముందు ఒక తప్పు దిద్దుకో. షెనోన్సో కోట లువార్ ఒడ్డున ఉందని రాశావు. అది లువార్ మీద లేదు, దాని ఉపనది షేర్ మీద ఉంది. నువ్వు అంబ్వాజ్‌లో పెద్ద నదిని వదిలేసి, ఎత్తు ఎక్కి, అడవి దాటి, మళ్లీ పల్లంలోకి దిగి ఇంకో నది దగ్గర తేలావు కదా, ఆ ఎక్కుడూ దిగుడూ నీ మోకాళ్లకు తెలుసు. మరి వ్యాసంలోకి ఎందుకు రాలేదంటే, ఆ పేరా నువ్వు రూముకొచ్చాక ఏదో కరపత్రం ముందు పెట్టుకుని రాశావు. చూడగానే తెలిసిపోతుంది, ఆ పేరాలో ఒక్క వాక్యం కూడా నీది కాదు. పైగా అక్కడ నది పేరు మారితే పెద్ద కథ జారిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్సుకీ, ఆక్రమించని ఫ్రాన్సుకీ మధ్య ఆ షేర్ నదే చాలా దూరం హద్దు. కోట వసారా నది మీద వంతెనలా కట్టి ఉంటుంది కాబట్టి ఒక తలుపు ఈ రాజ్యంలో, ఇంకో తలుపు ఆ రాజ్యంలో ఉన్నట్టయింది, దాన్ని పట్టుకుని మనుషులు అవతలికి దాటారు. నువ్వు ఆ వసారాలో ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచావు! నడిచినదానివి అద్దాల గురించీ పూలకుండీల గురించీ రాశావు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీ వ్యాసంలో 'లెవీ మీద సైకిల్ పాత్ సాగుతుంది' అని ఒక వాక్యం ఉంది. అమ్మాయ్, అది కరకట్ట. కృష్ణ ఒడ్డున పుట్టి ఆ మాట ఎలా మర్చిపోయావు? వరద నుంచి ఊళ్లను కాచుకోవడానికి మధ్యయుగాల నుంచీ మట్టి పోసి ఎత్తు చేసుకుంటూ వచ్చిన కట్ట అది. మన పాఠకుడికి కరకట్ట అని ఒక్క మాట చెప్పు చాలు, దాని ఎత్తూ, ఒకపక్క నీళ్లూ రెండోపక్క పల్లంలో ఇళ్ల కప్పులూ, ఆగస్టు రాత్రుళ్లు ఆ కట్ట వైపు మనుషులు చూసే చూపూ అన్నీ కళ్ల ముందుకొస్తాయి. అలాగే నువ్వు 'నదీ మధ్య ద్వీపాలు' అన్నవి లంకలు. 'శాండ్ బ్యాంక్స్' అన్నవి ఇసుక మేటలు. పడవలు కట్టే చోటు రేవు, నది చీలితే పాయ. వేసవిలో లువార్ చిక్కిపోయి మేటలు బయటపడతాయని నువ్వు ఫోన్లో చెప్పినప్పుడు అచ్చం ఈ మాటలే వాడావు, రాయడానికి కూర్చోగానే ఏమైందో! నీకు ఫ్రాన్సు కొత్తగానీ నది కొత్త కాదు. వెయ్యి కిలోమీటర్లు పైబడి పారే, ఆ దేశంలోకెల్లా పొడుగైన నదిని వర్ణించడానికి కావలసిన మాటలన్నీ నీకు పదేళ్ల వయసుకే వచ్చేశాయి. వాటినే పెట్టు.

అలాగని 'లువార్ అంటే ఫ్రాన్సు కృష్ణమ్మ' లాంటి పోలిక మాత్రం రాయకు. మాట ఇక్కడిది తీసుకో, విషయం అక్కడిదిగా ఉంచు.

గాలి గురించి చెప్పాలి. వ్యాసంలో 'ఆహ్లాదకరమైన పిల్లగాలి' అన్నావు, ఆ రాత్రే నాకు పెట్టిన మెసేజ్‌లో మాత్రం 'తొడలు పట్టేశాయి మాష్టారూ, గాలి తోసేస్తోంది' అన్నావు. రెండింట్లో ఏది నిజం? నాకు తెలుసు ఏది నిజమో. లువార్ పడమరకి, అట్లాంటిక్ సముద్రం వైపు పారుతుంది కాబట్టి నదితోపాటు దిగువకి పోతున్నాం, హాయిగా ఉంటుందిలే అని మ్యాపు చూసినవాళ్లు అనుకుంటారు. కానీ అక్కడ గాలి ఎక్కువగా ఆ సముద్రం వైపు నుంచే వీస్తుంది, చదును నేల మీద దాన్ని ఆపేది ఏదీ ఉండదు, అంచేత నది సుఖంగా పోతుంటుంది, పక్కన నువ్వు ఆయాసపడుతుంటావు. ఇది తెలిసినవాళ్లు సముద్రం దగ్గర మొదలుపెట్టి ఎగువకి, తూర్పుకి తొక్కుతారు. కార్లో పోయేవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. ఇక్కడ కూడా అంతే, బ్యారేజీ దాటి సీతానగరం దగ్గర కుడికి తిరిగి ఉండవల్లి మీదుగా కరకట్ట పట్టుకుని అమరావతి వైపు పోతుంటే పడమరకే పోతాం. మే నెలలో పొద్దున తొమ్మిది దాటిందా, పడమటి గాలి మొహాన కొడుతుంది, వెంకటపాలెం వచ్చేసరికి పెదాలు పగిలిపోయి, సీసాలో నీళ్లు గొంతు దిగనంత వేడెక్కుతాయి. ఆ గాలి లేకుండా ఆ దారి గురించి రాస్తే అది ఆ దారి కాదు.

ఊళ్ల గురించి. పదకొండు కోటలు, ఏడు ఊళ్లు మూడు పేజీల్లో చుట్టబెట్టావు. ఎవరు కట్టారు, ఏ రాజు ఉన్నాడు, ఏ ఏడాది. అంబ్వాజ్‌లో లియొనార్డో డావిన్చీ 1519లో చనిపోయాడని రాశావు, సరే, అది ఎవరైనా రాస్తారు. ఆ ఊళ్లన్నీ ఎందుకంత తెల్లగా ఉన్నాయో రాయలేదు. అక్కడ దొరికే రాయిని తుఫో అంటారు, సున్నపురాయి, మెత్తన, తెలుపు. ఏటి ఒడ్డు గుట్టల్లోంచే దాన్ని తవ్వి తీసి కోటలూ చర్చీలూ ఇళ్లూ కట్టుకున్నారు, తవ్వగా మిగిలిన గుహలను కూడా వదల్లేదు, వాటిలో వైన్ పీపాలు పెట్టారు, పుట్టగొడుగులు పెంచారు, కొందరైతే గుమ్మాలూ కిటికీలూ బిగించి కాపురాలే పెట్టారు. ఎండలో తొక్కి తొక్కి అలాంటి గుహలోకి అడుగుపెడితే, ఏ కాలమైనా పన్నెండు డిగ్రీల చుట్టూ ఉండే ఆ చల్లదనం, వీపు మీద చెమట ఒక్కసారిగా ఆరిపోవడం... ఇది నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారు?

ముప్పై ఏళ్ల కింద అమరావతి మీద నేను రాసిన మొదటి వ్యాసం అచ్చయినప్పుడు ఒక పాఠకుడు కార్డు ముక్క రాశాడు. అందులో ఒక్కటే వాక్యం, 'అయ్యా, మీరు ఆ రాయిని ముట్టుకున్నారా?' అని. ముట్టుకోలేదు. బోర్డు మీద ఉన్నది ఎక్కించుకుని వచ్చి రాశాను. ఆ వారమే మళ్లీ సైకిల్ మీద వెళ్లి స్తూపం దిబ్బ చుట్టూ తిరిగాను, అప్పుడు చదవడం మొదలుపెట్టాను. స్తూపానిదీ సున్నపురాయే. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చేనాటికే అక్కడి రాళ్లు తవ్వుకుపోయి కొత్త కట్టడాలకు వాడుకుంటున్నారు, శిల్పాలు కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. మిగిలినవాటిలో చాలావాటిని ఇవాళ చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియానికో లండన్‌లో బ్రిటిష్ మ్యూజియానికో పోవాలి. ఆ సంగతి తెలిశాక అమరావతిలో ఏ పాతింటి గోడ చూసినా, ఈ సున్నం ఎక్కడిదో అనే ఆలోచన నన్ను వదల్లేదు. నువ్వూ రాయి దగ్గర మొదలుపెట్టు, రాజులు తర్వాత వస్తారు.

ద్రాక్షతోటలు 'పచ్చని తివాచీ పరిచినట్టు' ఉన్నాయన్నావు. ఆ తివాచీ తీసెయ్. మన పాఠకుడికి ద్రాక్షతోట అనగానే తలకి పైన పందిరీ, దాన్నుంచి వేలాడే గుత్తులూ గుర్తొస్తాయి. అక్కడ పందిరి ఉండదు, కొయ్యలకు తీగలు బిగించి నడుమెత్తున వరసల్లో పెంచుతారు. సైకిల్ మీద పోతుంటే ఒక్కో వరస కంటి ముందు బారుగా తెరుచుకుని, చివరిదాకా కనిపించి, మళ్లీ మూసుకుంటుంది, ఆ వెంటనే ఇంకోటి. ఇది సైకిల్ వేగానికే కుదిరే చూపు. వూవ్రేలో షెనాఁ బ్లాఁ అనే తెల్ల ద్రాక్ష, షినోన్‌లో కాబెర్నే ఫ్రాఁ అనే నల్ల ద్రాక్ష, ఈ పేర్లు చెప్పు, కానీ పేర్ల దగ్గర ఆగిపోకు. ఆ రైతుకి ఏ రాత్రి నిద్ర పట్టదో అడగాల్సింది. ఏప్రిల్‌లో చిగురు వేశాక గడ్డకట్టే మంచు పడితే ఆ ఏడు పంట మీద ఆశ వదులుకోవడమే. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్సులో చాలాచోట్ల అలాగే దెబ్బతిన్నారు. అలాంటి రాత్రుళ్లు వరసల మధ్య మంటలు వెలిగించి, పెద్ద పంకాలు తిప్పుతూ తెల్లవార్లూ కాపలా ఉంటారు. కోతకొచ్చిన వరి పొలంలో ఉండగా తుపాను కబురు వింటే మన తెనాలి వైపు రైతు మొహం ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా, అదే మొహం అక్కడ కూడా చూసి ఉండేదానివి.

నువ్వు పంపిన ఫోటోల్లో ఒకదాని దగ్గర చాలాసేపు ఆగాను. నీ సైకిల్ ఒక తెల్ల రాతిగోడకి ఆనించి ఉంది. హ్యాండిల్ కంటే మూరెడు పైన గోడలో ఒక గీత చెక్కి, పక్కన 1856 అని ఉంది. అంటే ఆ ఏడు వరద అంత ఎత్తున వచ్చింది. 1846, 1856, 1866, పదేళ్లకొకటి చొప్పున లువార్ ఆ ఒడ్డు ఊళ్లని ముంచింది, కట్టలు తెంచింది. ఆ గీత గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అటు బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లన్నీ నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక నేను ఆ వీధుల్లో సైకిల్ నడిపించుకుంటూ తిరిగాను, తొక్కడానికి లేదు, బురద. వరసగా ప్రతి గోడ మీదా ఒకే ఎత్తున గీత, దానికి పైన సున్నం తెల్లగా, కింద మట్టి రంగు. ఒకావిడ గుమ్మం పక్కన నిలబడి తడిగుడ్డతో ఆ గీత తుడుస్తోంది. తుడిచిన కొద్దీ పలచబడుతోందిగానీ పోవడం లేదు, గుడ్డ పిండితే నల్లటి నీళ్లు. నన్ను చూసి చెయ్యి ఆపి, 'తుడిచేద్దామా, ఉంచుదామా బాబాయ్ గారూ, రేపు మా మనవలు నమ్మాలిగా' అంది. నాకేం చెప్పాలో తెలియలేదు. నీ ఫోటోలో ఆ చెక్కిన గీత చూసినప్పుడు ఆవిడే గుర్తొచ్చింది. నూట డెబ్బై ఏళ్ల కింద ఆ ఊళ్లో కూడా ఎవరో ఇలాగే ఆలోచించి, ఉంచేద్దాం అనుకుని ఉంటారు. నీ దగ్గర అంత పెద్ద విషయం ఉంది, నువ్వేమో పూలకుండీలు లెక్కపెట్టావు.

ఇంక పని సంగతి. సముద్రం దాకా సుమారు 900 కిలోమీటర్ల సైకిల్ దారి అది, నువ్వు తొక్కిందీ తక్కువేం కాదు, అదంతా ఒక్క వ్యాసంలో పట్టదు. అంబ్వాజ్ నుంచి తూర్ దాకా పాతిక కిలోమీటర్లు ఉంచు, వూవ్రే తోటలు దాంట్లోనే వస్తాయి. మిగతావి వేరేగా రాసుకో, తొందరేం లేదు. తొక్కుతూ ఫోన్ తీయకు. ఆగిన ప్రతిచోటా చిన్న నోట్సు పుస్తకంలో ఒక్క వాక్యం చాలు, అక్కడ ముక్కుకి తగిలింది ఏమిటి, టైరు కింద ఉన్నది తారా, కంకరా, మట్టా, ఎవరు పలకరించారు, ఇవే. తారీఖులూ కొలతలూ ఇంటికొచ్చాక రెండు చోట్ల సరిచూసుకుని పెట్టుకోవచ్చు, వాసన మాత్రం మర్నాటికి గుర్తుండదు.

చివరి పేజీలో 'టైరు పంక్చరైతే ఒక గ్రామస్థుడు సహాయం చేశాడు' అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నువ్వు ఫోన్లో చెప్పింది అది కాదు. ఆ పెద్దాయన వంటింట్లోంచి గిన్నె తెచ్చి నీళ్లు పోసి, ట్యూబు ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తుంటే, మన బీసెంట్ రోడ్డు పక్క సందులో కూర్చున్నట్టే అనిపించిందన్నావు. వ్యాసం అక్కడ మొదలుపెట్టు. ఆ గిన్నె రంగేమిటి, ఆయన చేతి వేళ్లు ఎలా ఉన్నాయి, నీ వచ్చీరాని ఫ్రెంచికి ఆయన ఏమన్నాడు, డబ్బులివ్వబోతే తీసుకున్నాడా? ఆయన ఇల్లు కరకట్టకి ఏ పక్క ఉంది, పల్లం వైపా? ఆ గోడ మీద గీత ఉందేమో నీ ఫోటోలు మళ్లీ చూడు. రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాష్టారు