‘ప్రముఖ’ అని రాస్తే ప్రాముఖ్యత వస్తుందా?

సందేహం: తెలుగు వికీపీడియాలో ఒక చిప్‌ట్యూన్ (పాత వీడియోగేమ్ యంత్రాల సౌండ్ చిప్‌లతో చేసే సంగీతం) కళాకారుడి మీద వ్యాసం మొదలుపెట్టాను. ‘ప్రముఖ సంగీతకారులైన ఫలానా గారు ఎంతో పేరుగాంచారు’ అని రాస్తే, విషయ ప్రాముఖ్యత కనబడడం లేదంటూ పైన మూస (హెచ్చరిక పెట్టె) పెట్టారు. నా వాక్యంలో తప్పేముంది?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: వ్యాకరణపరంగా తప్పేమీ లేదు. కానీ పేరు వచ్చిందని అంటున్నది ఎవరో ఆ వాక్యంలో లేదు. మాటల్లో అయితే ఎదుటివాళ్లు ‘ఎవలన్నరు?’ అని అడుగుతారు, మనం చెప్తాం. విజ్ఞాన సర్వస్వంలో ఆ జవాబు కూడా వాక్యంలోనే ఉండాలి. మన వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారినే తీసుకోండి. ‘మిమిక్రీ కళాకారుడు, 2001లో పద్మశ్రీ అందుకున్నాడు’ అన్నాక ఇక ‘ప్రముఖ’తో పనేముంది?

చిప్‌ట్యూన్ వాళ్లకు అలాంటి పురస్కారాలు అరుదు. అందుకే మీ పని కష్టం. 1989లో వచ్చిన గేమ్‌బాయ్ అనే చేతి వీడియోగేమ్ యంత్రంలో ఉన్నవి నాలుగే సౌండ్ ఛానళ్లు, అంటే ఒకేసారి నాలుగు ధ్వనులే పలుకుతాయి. వాటితోనే పాటంతా నడపడం ఎంత నేర్పో మీకు తెలుసు, కానీ మీకు తెలిస్తే చాలదు. అతనితో సంబంధం లేని పత్రికలో, పుస్తకాల్లో అతని గురించి వివరంగా వచ్చి ఉండాలి, అదీ ఒక్కచోట కాదు. సొంత వెబ్‌సైటు, యూట్యూబ్ ఛానల్, ఆల్బమ్ వేసిన కంపెనీ ప్రకటన ఇందుకు లెక్కలోకి రావు. కచేరీ పోస్టర్‌లో పేరున్నా సరిపోదు. పుట్టిన ఊరు, ఆల్బమ్ తేదీ లాంటి చిన్న వివరాలకు మాత్రం అవి పనికొస్తాయి.

ఇక వాక్యం సంగతి. చెప్పినవాళ్లనే కర్తగా పెట్టండి: ‘ఇతని తొలి ఆల్బమ్‌ను సమీక్షిస్తూ, నాలుగు ఛానళ్లలోనే నిండైన వాద్యబృందాన్ని వినిపించాడని ఫలానా పత్రిక రాసింది.’ ‘రాసింది’ దగ్గర ఆధారం చూపించవచ్చు. ‘పేరుగాంచారు’ దగ్గర ఏం చూపిస్తాం? ‘అని చెప్పబడుతోంది’ అసలే వద్దు. అది తెలుగు నుడికారమూ కాదు, చెప్పినవాళ్లను దాచేస్తుంది కూడా.

‘గారు’ మాట కూడా చెప్పాలి. మన దగ్గర పెద్దవాళ్లను సారు, గారు లేకుండా పిలవడానికి నోరు రాదు. ఆ మర్యాద నాకూ ఇష్టమే. అయితే తెలుగు వికీపీడియాలో వ్యక్తుల వ్యాసాల్లో గారు, శ్రీ వదిలేసి ‘జన్మించాడు’, ‘స్వరపరిచాడు’ అని ఏకవచనంలో రాయడం పద్ధతి. ఎంత పెద్దవాళ్లకైనా అదే పద్ధతి కాబట్టి ఎవరినీ తక్కువ చేసినట్టు కాదు.

అలాంటి సమీక్షలు రెండు మూడైనా దొరికేదాకా వ్యాసాన్ని వికీలో మీ ప్రయోగశాల (చిత్తుప్రతి) పేజీలోనే ఉంచండి. ఈలోగా చిప్‌ట్యూన్ సంగీతం గురించే రాయండి. దానికి ఆధారాలు బోలెడు దొరుకుతాయి.