పడమటి ముఖం ఇంటికి ముందు ఎండ, వాన చూసుకోండి. బొమ్మ సంగతి తర్వాత

తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు 50 అంకణాల (1,800 చదరపు అడుగుల) స్థలంలో పడమటి ముఖంగా ఇల్లు కట్టామని, బయటి పూత కూడా అయిందని, ముందు 12 అడుగుల ఖాళీ మిగిలిందని రాశారు. డిజైనర్ ఇచ్చిన బొమ్మలో మెట్ల గదికి నిలువెత్తు గాజు, ముదురు బూడిద రంగు గోడ, ముందంతా టైల్స్, పక్కన పచ్చిక ఉన్నాయి, చేతిలో మూడు లక్షలున్నాయి, ఏం చేయాలి అని మీ ప్రశ్న. మాదీ 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతు స్థలమే, ముఖమూ పడమరే. 2021 ఫిబ్రవరిలో గృహప్రవేశం చేశాం. మీ బొమ్మకు కవల పిల్లలాంటి బొమ్మనే మాకూ చూపించారు, మేమూ ముచ్చటపడి సరే అన్నాం. ఇక్కడ చెప్పేదంతా ఆ ముచ్చటకు మేము కట్టిన జరిమానా.

అన్నిటికంటే ముందు నీళ్లు. మనకు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లోనే. వాయుగుండం పట్టిందంటే కొండ మీదా కిందా ఒకేసారి కుమ్మరిస్తుంది. 2021 నవంబరు వాన ఊళ్లో ఎవరూ మరిచిపోయి ఉండరు. ఆ రాత్రి రెండు గంటలకు మావారూ నేనూ పోర్టికోలో చెరో చీపురు పట్టుకుని నిలబడ్డాం. రోడ్డు మీది నీళ్లు లోపలికి రాలేదు. మమ్మల్ని ముంచింది మా మేడ నీళ్లే. పైనుంచి వచ్చే రెండు గొట్టాలనూ ముందువైపే దింపించాం. కింద జానెడు మట్టి కూడా కనబడకుండా టైల్స్ పరిపించాం. ఆ టైల్స్ వాటం గేటు వైపు కాకుండా గుమ్మం వైపు ఉంది. పెద్ద తేడా ఏమీ కాదు, వేలెడు. మేము గేటు వైపు ఊడ్చిన నీళ్లు ఊడ్చినట్టే వెనక్కి వచ్చి మా కాళ్లను తడిపేవి. తెల్లారేసరికి చెప్పుల అర తేలుతోంది, గడప కింది చెక్క ఉబ్బింది.

లెక్క చూడండి. వెయ్యి చదరపు అడుగుల మేడ మీద పది సెంటీమీటర్ల వాన పడితే 9,000 లీటర్ల పైచిలుకు నీళ్లు కిందికి దిగుతాయి. వాటికి దారి ఏదో బొమ్మలో ఎక్కడా ఉండదు. టైల్స్ పరిచేటప్పుడు పది అడుగులకు ఒకటిన్నర అంగుళం వాటం గేటు వైపు ఉండేలా మేస్త్రీ చేత మట్టం చూసే నీళ్ల ట్యూబు పట్టించి చూపించమనండి. పని అయ్యాక గడప దగ్గర ఒక బిందె నీళ్లు వంపండి. ఎక్కడా నిలవకుండా గేటు చేరితేనే మిగతా కూలి ఇవ్వండి. మొహమాటపడకండి, మేము పడ్డాం.

ఆ తర్వాత మేము సగం టైల్స్ పీకించి, గేటు మూలన నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతుతో ఇంకుడు గుంత తీయించాం. అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో కంకర, పైన ఇసుక. మేడ గొట్టాలు రెండూ దానిలోకే. గుంతను పునాదికి, సెప్టిక్ ట్యాంకుకు వీలైనంత దూరంగా పెట్టించండి. కారు చక్రాలు నడిచే రెండు పట్టీలకు మాత్రం కడప బండలు వేసి మధ్యలో మట్టి వదిలేశాం. చవకగానూ అయింది, ఇప్పుడు వాన నీళ్లు అరగంటలో కనబడకుండా పోతున్నాయి.

ఇక ఎండ. పడమటి ముఖానికి నిలువు గాజు పెట్టడమంటే మే నెలలో మెట్ల గదిని పొయ్యి చేసుకోవడమే. సన్‌షేడ్ ఉందిగా అంటారు. నడినెత్తి మీద ఉన్న ఎండకు సన్‌షేడ్ పనికొస్తుంది, సాయంత్రం నాలుగింటికి వాలుగా, సూటిగా వచ్చే ఎండకు అది అడ్డమే కాదు. మా మెట్ల గది గోడ మీద రాత్రి తొమ్మిదింటికి చెయ్యి పెడితే అప్పుడే దించిన ఇస్త్రీ పెట్టెలా ఉండేది. రెండో వేసవికి గాజు తీయించి మట్టి జాలీ (కాల్చిన మట్టితో చేసిన చిల్లుల పలకలు) పెట్టించాం, గాలి ఆడుతోంది, సాయంత్రం మెట్ల మీద వెలుగు ముగ్గులా పడుతుంది. వాన జల్లు కొంచెం లోపలికి వస్తుంది, అది ఒప్పుకోవాలి. ముదురు రంగు కూడా వద్దు. లేత రంగు వేయించండి, అదీ పూత బాగా ఆరాక. కనీసం నెల రోజులు ఆగకపోతే రంగు పొరలు పొరలుగా లేస్తుంది. ఇంకో మాట. ఉత్తరం కిటికీలకు సన్‌షేడ్ అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మన ఊళ్లో మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు.

అసలైన అడ్డం చెట్టే. పడమర, దక్షిణాల్లో పెద్ద చెట్లుండాలని వాస్తు చెప్పేవాళ్లు అంటారు, ఎండ లెక్కా అదే చెబుతోంది కాబట్టి మా అత్తగారికీ నాకూ తగాదా రాలేదు. 12 అడుగుల ఖాళీలో వేప, రావి వద్దు. పొగడ, పారిజాతం లాంటివి చాలు. మునగ మాత్రం గుమ్మం ముందు వేయకండి. గాలికి కొమ్మ విరుగుతుంది, గొంగళి పురుగులు ఆరేసిన బట్టల మీదికి వస్తాయి. దుబాయి చెట్టని నర్సరీల్లో అంటగట్టే కోనోకార్పస్ జోలికి పోవద్దు. తెలంగాణ, గుజరాత్ దాన్ని నాటవద్దన్నాయి. మన శేషాచలం చెట్టు కదా అని ఒక బంధువు ఎర్రచందనం మొక్క కానుకగా తెచ్చారు. దండం పెట్టి వెనక్కి ఇచ్చాను. పెరిగాక అటవీశాఖ అనుమతి లేకుండా దాన్ని కొట్టలేం, ఇంటి గోడ పక్కన ఆ పంచాయితీ ఎందుకు?

మొదటి విడతలో కడియం నర్సరీల నుంచి లోడులో వచ్చిన మొక్కలు 20 కొన్నాం, వేసవి దాటేసరికి ఏడు మిగిలాయి. తప్పు మొక్కలది కాదు. వాటి వేళ్ల చుట్టూ జిగట మట్టి ముద్ద ఉంటుంది, మన స్థలాల్లో కిందంతా గ్రావెలే. పోసిన నీళ్లు ముద్దను తప్పించుకుని పక్క నుంచి జారిపోయాయి. ముద్ద లోపల గట్టిపడి ఇటుకలా అయింది. రెండోసారి రెండేసి అడుగుల గుంతలు తీసి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపాం. ముద్దను నీళ్లలో నానబెట్టి, వేళ్లు తెగకుండా చేత్తో వదులు చేసి నాటాం. జూలై చివర్లో నాటితే పెద్ద వానల నాటికి కుదురుకుంటాయి. పచ్చిక సంగతి అడగకండి. వేసవిలో బోరు మాకే చాలదు, ఇక గడ్డికి ఎక్కడ పోస్తాం? దాని చోట గరిక తనంతట తానే వచ్చింది, వినాయక చవితికి అంగడికి వెళ్లే పని తప్పింది.

చిన్న సంగతులు రెండు. బండలు పరిచే ముందే గేటు దీపానికి, కెమెరాకు, తోట కుళాయికి గొట్టాలు భూమిలో వేయించండి. గేటు ముందు ముగ్గుకు నాలుగడుగుల చదును వదలండి. మా ర్యాంపు రోడ్డు దాకా దిగిపోయింది, సంక్రాంతి నెలంతా వాలు మీద ముగ్గు వేస్తున్నాను, రథం ముగ్గు వేస్తే కిందికి దొర్లుతున్నట్టు ఉంటుంది.

డబ్బు నేనైతే ఇలా పెడతాను. వాటం, గుంత, బండలకు లక్షన్నర. జాలీకి, రంగుకు లక్ష. మొక్కలకు, మట్టికి పాతికవేలు. మిగిలిన పాతికవేలు ఒక నవంబరు గడిచేదాకా ముట్టుకోకండి, ఏదో ఒకటి సరిచేయక తప్పదు.

కొండకు దగ్గరైతే మీ వీధికి కోతులు వస్తాయా? జామ, సపోటా వేయాలా వద్దా అన్నది దాన్ని బట్టే ఉంటుంది. మా పిట్టగోడ మీది పూలకుండీలు ఇప్పటికి ఆరు పగిలాయి. వస్తాయో లేదో రాయండి, పండ్ల చెట్ల సంగతి అప్పుడు చెబుతాను.